మూడు కొట్లకు ఒక్క గల్లా

నాచారం మార్కెట్ రోడ్డు నుంచి మల్లాపూర్ వైపు తిరిగే ఒక సందులో సూర్యకళ మిక్సీలు బాగుచేస్తుంది. చేయిస్తుంది కాదు, చేస్తుంది. స్క్రూడ్రైవర్ పట్టేది ఆవిడే. కొత్తగా వచ్చినవాళ్ళు కొట్లోకి తొంగిచూసి "మెకానిక్ లేడా అమ్మా?" అని అడుగుతారు. "ఉన్నడు, నేనే" అంటుంది తలెత్తకుండా. పన్నెండేళ్ళ కిందట ఆ ప్రశ్న అడిగినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ సంగతి నలుగురిలో చెప్పి నన్ను ఏడిపించడం ఆవిడ ఇప్పటికీ మానలేదు.

నా పేరు తారామణి. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మాది తెనాలి, కానీ ఉప్పల్, నాచారం చుట్టుపక్కలే ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. నాకు ముక్కు మీద కోపమని మావాళ్ళందరూ అంటారు. అననివ్వండి. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నాకు కోపం వచ్చిన ప్రతిచోటా న్యాయంగానే వచ్చింది, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కటీ దాచకుండా చెబుతాను.

సూర్యకళ పుట్టింది నాచారంలోనే. పంతొమ్మిదేళ్ళకు ఇండస్ట్రియల్ ఏరియాలో ఫ్యాను మోటార్లు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని రాగి తీగ చుట్టేవారట. పదకొండేళ్ళు చుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగతా ఏడుగురూ ఇళ్ళకు వెళ్ళిపోతే, ఈవిడ మాత్రం తీగ చుట్టే పాత యంత్రాన్ని యజమాని దగ్గర కొనుక్కుని, ఆటోలో పెట్టుకుని తెచ్చేసింది. ఆ యంత్రం ఇవాళ్టికీ కొట్లో పనిచేస్తోంది. భర్త కనకరాజు చర్లపల్లిలో ఒక కంపెనీలో స్టోర్ కీపరు. నోట్లోంచి మాట రాని మనిషి. "ఆమె మాట్లాడినంక నాకేం మిగుల్తది టీచరమ్మా" అన్నాడు ఒకసారి నాతో. అంత పెద్ద మాట ఆయన నోట మళ్ళీ వినలేదు.

ఆ కొట్టుకు షట్టరు ఒక్కటే, లోపల మాత్రం కొట్లు మూడు. ముందు భాగంలో సూర్యకళ మిక్సీలు. కుడివైపు అరుగు మీద దుర్గమ్మ వత్తులు. వెనక గోడ దగ్గర శాంతాబాయి కుట్టు మిషను. దుర్గమ్మకు అరవై ఒకటి. అమలాపురం దగ్గర్నుంచి వచ్చి, మేడిపల్లిలో కొడుకు దగ్గర ఉంటుంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చి సాయంత్రం దాకా దూదితో వత్తులు చేస్తుంది. పువ్వొత్తులు, కుంభవత్తులు, లక్షవత్తులు, ఏది కావాలంటే అది. శాంతాబాయి పాత చీరలతో బొంతలు కుడుతుంది. ముగ్గురికీ కలిపి గల్లా పెట్టె ఒక్కటే. కొనడానికి వచ్చినవాళ్ళ దగ్గర ఎవరు ముందుంటే వాళ్ళు డబ్బు తీసుకుని అందులో వేస్తారు. షట్టరు దించే ముందు సూర్యకళ ఎవరిది వాళ్ళకు పంచుతుంది. ఆరేళ్ళలో ఆ గల్లా దగ్గర ఒక్కసారి కూడా మాటామాటా రాలేదు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో నెలకు రెండుసార్లు వస్తుంది.

రెండేళ్ళ కిందట సూర్యకళ కూతురు గీతిక తల్లికి ఒక వెబ్‌సైటు చేసిపెట్టింది. గీతిక పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పాత మిక్సీలకు బ్లేడ్లు, జార్ల మూతలు, కింద తిరిగే ప్లాస్టిక్ పళ్ళు ఎక్కడా దొరకవు. సూర్యకళ దగ్గర దొరుకుతాయి. సిద్దిపేట నుంచి శ్రీకాకుళం దాకా ఆర్డర్లు వచ్చాయి. చూస్తుండగానే ఆవిడ సంపాదనలో సగం వెబ్‌సైటు మీద వచ్చేదయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వెబ్‌సైటులో కార్డుతోనో ఫోనుతోనో కట్టిన డబ్బు నేరుగా మన బ్యాంకులోకి రాదు. మధ్యలో పేమెంట్ కంపెనీ అని ఒకటి ఉంటుంది. అది మన కాగితాలన్నీ చూసి, మనం ఏ వ్యాపారం చేస్తున్నామో రాసుకుని, మర్చంట్ అకౌంట్ ఇస్తుంది. సూర్యకళకు "సూర్యకళ మిక్సీ వర్క్స్" పేరుతో ఆ అకౌంట్ ఇచ్చారు.

తల్లి వెబ్‌సైటు బాగా నడవడంతో గీతిక దుర్గమ్మకొకటి, శాంతాబాయికొకటి చేసింది. చేశాక డబ్బు తీసుకునేదెలా? దుర్గమ్మ దగ్గర కాగితాలేవీ లేవు. ఇల్లు అద్దెది. కరెంటు బిల్లు ఇంటాయన పేరు మీద, గ్యాసు కొడుకు పేరు మీద. శాంతాబాయి కాగితాలన్నీ మొగుడి పేరు మీద. సూర్యకళ రెండో ఆలోచన చెయ్యలేదు.

"నా అకౌంట్ ఉన్నది గద. గా రెండు గూడ దాంట్లకే కలుపు. ఈడ ఒక్క గల్లా నడుస్తలేదా?"

"అమ్మా, కంపెనోళ్లను ఒకసారి అడగాల్నేమో" అంది గీతిక.

"అడుగుదాం తియ్, ముందుగాల్ల కలుపు."

ఆ తర్వాత అడగడం ఎవరికీ గుర్తులేదు. నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను. ఆపకపోగా శభాష్ అన్నాను. లెక్కల టీచర్ని, ఉమ్మడిగా ఉన్నదాన్ని బయటికి తీసి ఒకచోట పెట్టడం నాకు చాలా ఇష్టమైన పని.

కార్తీకం వచ్చింది. దుర్గమ్మ వత్తులకు ఆర్డర్లు వరదలా వచ్చిపడ్డాయి. దుర్గమ్మకు ఒక పద్ధతుంది. ఎవరి కోసం వత్తులు చేస్తుందో వాళ్ళ పేరు, గోత్రం అనుకుంటూ చేస్తుంది. అందుకని వెబ్‌సైటులో అడ్రసుతో పాటు గోత్రం రాయడానికి కూడా గడి పెట్టించుకుంది. గీతిక నవ్వింది కానీ పెట్టింది. ఆ నెలంతా దుర్గమ్మ "హరితసగోత్రం, సుబ్బలక్ష్మి నామధేయం" అంటూ దూది నలుపుతుంటే, పక్కన మిక్సీ మోటార్లు గుర్రుమంటూ ఉండేవి. నేను రోజూ ఆ కొట్లో గంటసేపు ఊరికే కూర్చునేదాన్ని. మనసుకు అంత హాయిగా ఉండేది.

మార్గశిరం మొదట్లో ఒక సోమవారం పేమెంట్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. గీతిక ఆఫీసు నుంచి ఫోన్ చేసి తెలుగులో చెప్పింది. మిక్సీ విడిభాగాల అకౌంటులోకి వత్తుల డబ్బు, బొంతల డబ్బు ఎందుకు వస్తోందని అడిగారు. పద్నాలుగుమంది "మేము ఏ మిక్సీ కొట్లోనూ ఏమీ కొనలేదు, మా డబ్బు ఎవరో కాజేశారు" అని తమ బ్యాంకుల్లో ఫిర్యాదు చేశారట. రెండు లక్షల ముప్పై ఎనిమిది వేలు ఆపేశారు. పది రోజుల్లో సరైన జవాబు రాకపోతే అకౌంట్ మూసేస్తారు. అలా మూసేసిన పేర్లు మిగతా కంపెనీలకూ తెలుస్తాయి కాబట్టి, ఇంకెవరూ సూర్యకళకు అకౌంట్ ఇవ్వరు.

జరిగింది మాకు అప్పుడు అర్థమైంది. విశాఖపట్నంలో ఎవరో ఇల్లాలు లక్షవత్తులు తెప్పించుకుంది. కార్డు బిల్లులో "సూర్యకళ మిక్సీ వర్క్స్" అని పడింది. భర్త "మిక్సీ కొన్నావా?" అన్నాడు. ఆవిడ "నేనెందుకు కొంటాను?" అంది. ఆయన బ్యాంకుకు ఫోన్ చేశాడు. అంతే. నాచారంలో కొనేవాళ్ళకు మూడు కొట్లూ కళ్ళ ముందే ఉన్నాయి కాబట్టి డబ్బు ఏ పేరున పోయినా అనుమానం రాదు. విశాఖపట్నం వాళ్ళకు ఈ గల్లా కనపడదు కదా! ఆ ముక్క వాళ్ళ ముగ్గురిలో, నాతో కలిపి నలుగురిలో, ఒక్కరికీ తట్టలేదు.

సూర్యకళ ఆ పూట చేతిలో ఉన్న మిక్సీ బిగించి, దాని యజమానికి ఇచ్చి, తర్వాత లేచి మంచినీళ్ళు తాగింది. "వెబ్‌సైటు పోతే సగం అన్నం పోతది టీచరమ్మా" అంది. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు ఉప్పల్‌లో టాక్సు కాగితాలు చూసే విజయభాస్కర్ దగ్గరికి వెళ్ళాం. నేనూ, సూర్యకళా, దుర్గమ్మా. అతను మెయిల్ చదివి, ఇంతేనా అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మస్తు అల్కటి పని అక్కా. ఒక్కలే ఓనరైతే, ఒక్క అకౌంట్ల ఎన్ని వెబ్‌సైట్లన్న పెట్టుకోవచ్చు, ముందుగాల్ల చెప్తె చాలు. మూడు నావే అని రాయి. చెప్పుడు మర్చిపోయిన అని రాయి. గీళ్ళిద్దరు నీ దగ్గర పనిచేసే లేబర్ అని రెండు కాగితాలు నేను తయారుజేస్త. రెండు దినాల్ల అకౌంట్ ఓపెన్ అయితది."

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. దుర్గమ్మ కూడా వెంటనే తలూపింది.

"అలాగే రాసేయమ్మా సూర్యకళా. నేను నీ దగ్గర కూలికి చేస్తున్నానని సంతకం పెట్టేస్తాను. నాకేం చిన్నతనం లేదు. నువ్వు చల్లగా ఉంటే మేమూ ఉంటాం."

సూర్యకళ ముఖం జేవురించింది. విజయభాస్కర్ టేబుల్ మీద కాగితాలు ఎగిరేలా లేచి నిలబడింది.

"ఏంది పెద్దమ్మా నువ్వు మాట్లాడేది? నువ్వు నా దగ్గర కూలీవా? కార్తీకమంత నీ నడుము పడిపోయేదాక వత్తులు జేసింది ఎవరు, నేనా? నాకు ఒక్క వత్తి జెయ్యొస్తదా? పదకొండేండ్లు నేను చుట్టిన మోటర్ల మీద ఇంకెవని పేరో ఏసి అమ్ముకున్నరు. ఇయ్యాల నీ పని మీద నా పేరు ఏసుకోవాల్నా? నా అకౌంట్ పోతె పోనీ, గా మాట మాత్రం నేను రాయ."

విజయభాస్కర్ "ఉత్త కాగితమే కదక్కా" అని గొణిగాడు. నాకు అతని మీద కోపం వచ్చింది. అప్పటిదాకా అతని మాటే నాకూ నచ్చిందన్న సంగతి ఆ కోపంలో మర్చిపోయాను. దుర్గమ్మ మాత్రం తిరుగు బస్సులో ఉప్పల్ నుంచి నాచారం దాకా కళ్ళు తుడుచుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇక మిగిలింది ఎనిమిది రోజులు. ముందు ఫిర్యాదు చేసిన పద్నాలుగుమందితో మాట్లాడాలి. అందరూ వత్తులు కొన్నవాళ్ళే. బొంతలు తెప్పించుకున్నవాళ్ళు శాంతాబాయితో ఏ చీర ఎక్కడ రావాలో పదిసార్లు ఫోన్లో మాట్లాడి ఉంటారు కాబట్టి, వాళ్ళకు అనుమానమే రాలేదు. సూర్యకళ ఫోన్ తీసింది. "నమస్తే సర్, మీ కార్డు పేమెంట్ గురించి..." అనేసరికి అవతల ఠక్కున పెట్టేశారు. రెండో ఆయనా అంతే. మూడో ఆయన పోలీసులకు చెబుతానన్నాడు. వాళ్ళను మాత్రం ఏమనగలం? తెలియని నంబరు నుంచి కార్డు సంగతి ఎత్తితే నేనూ పెట్టేస్తాను.

నలుగురు పెట్టేశాక దుర్గమ్మ వచ్చి "ఇలా తే" అని ఫోన్ లాక్కుంది. ఉప్పల్ నుంచి వచ్చాక ఆవిడ గట్టిగా మాట్లాడటం అప్పుడే.

"అమ్మా నమస్కారం. వత్తుల దుర్గమ్మనండీ, హైదరాబాదు నుంచి. కౌశికసగోత్రం, మీ అత్తగారి పేర లక్షవత్తులు చేయించుకున్నారు కదండీ. పౌర్ణమికి అందాయా? బాగా వెలిగాయా?"

ఫోను పెట్టేయలేదు. అవతల ఆవిడ "అందాయండీ, ఎంత బాగా వెలిగాయో!" అంటూ మొదలుపెట్టి అత్తగారి మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళింది. మిక్సీ సంగతి చెప్పగానే "అయ్యో, అది మీదా! మా ఆయన నా బుర్ర తినేశారు" అని నవ్వింది. ఆ సాయంత్రానికే భర్త చేత ఫిర్యాదు వెనక్కి తీయించింది. దుర్గమ్మ ఏ కాగితమూ చూడకుండా పద్నాలుగు గోత్రాలూ వరసగా చెప్పి ఫోన్లు చేసింది. మూడు రోజుల్లో పన్నెండుమంది ఫిర్యాదులు వెనక్కి తీసుకున్నారు. ఒకాయన ఫోనే ఎత్తలేదు. ఇంకొకాయన నమ్మలేదు. పోనివ్వండి, వాళ్ళ డబ్బు వాళ్ళకు వెనక్కి ఇవ్వడానికి సూర్యకళ ఒప్పుకుంది.

తర్వాత కంపెనీకి జవాబు. అది నేను రాస్తానన్నాను. రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. స్వయంకృషి, మహిళల ఆత్మగౌరవం, నాచారం పారిశ్రామికవాడ చరిత్ర, అన్నీ వచ్చాయి. చదివి వినిపించాను. సూర్యకళ ఓపిగ్గా విని, మెల్లగా అంది.

"టీచరమ్మా, కోపం జెయ్యకు. నా దగ్గరికి మిక్సీ పట్టుకొచ్చి, ఇది మా లగ్గంల పెట్టిన మిక్సీ, ఇసొంటిది లోకంల లేదు అంటె నేనేం జేస్త? ఏం పాడైందో జెప్పుమంట. గాళ్ళు గూడ గదే అడుగుతున్నరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితాలు మడిచి ఇంటికి వెళ్ళిపోయాను. ముందు చెప్పానే, న్యాయం కాని కోపమని, అది ఇదే. మర్నాడు వెళ్ళేసరికి ఆవిడ తనే రాసేసింది. రిపేరుకు వచ్చిన ప్రతి మిక్సీకీ ఆవిడ ఒక అట్టముక్క కడుతుంది. దాని మీద నాలుగు మాటలు ఉంటాయి. జవాబు కూడా సరిగ్గా అలాగే రాసింది. గీతిక దాన్ని ఒక్క ముక్క మార్చకుండా ఇంగ్లీషులో పెట్టింది.

"ఏమైంది: మూడు వెబ్‌సైట్లను నా ఒక్క అకౌంటుకు కలిపాను. అందులో రెండు నావి కావు. ఎందుకైంది: మా కొట్లో మూడింటికీ ఒకటే గల్లా. అట్లనే అనుకొని, మిమ్మల్ని అడగలేదు. ఏం చేశాను: ఆ రెండు వెబ్‌సైట్లను ఆపేశాను. పద్నాలుగుమందికీ సరుకు చేరిన రసీదులు పెడుతున్నాను. పన్నెండుమంది ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఏం మిగిలింది: మీరు చెప్పినట్టు చేస్తాను. తప్పు నాది, వాళ్ళిద్దరిది కాదు."

నా నాలుగు పేజీల్లో లేనిది ఆ నాలుగు ముక్కల్లో ఉంది. ఆ మాట ఆవిడతోనే అన్నాను. ఒప్పుకోవడానికి నాకు గొంతులో ముల్లు పడ్డట్టయింది కానీ అన్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కంపెనీ నుంచి స్నిగ్ధ అనే అమ్మాయి ఫోన్ చేసింది. తెలుగమ్మాయే. సూర్యకళ స్పీకరు పెట్టింది. శాంతాబాయి మిషను ఆపేసింది.

"మేడం, మీ అకౌంట్ తెరుస్తున్నాం. మీ మిక్సీ వెబ్‌సైటుకు మాత్రమే. ఫిర్యాదు వెనక్కి తీసుకోని ఆ ఇద్దరి డబ్బు తీసేసి మిగతాది ఈ వారం మీ బ్యాంకులో పడుతుంది. ఆ రెండు వెబ్‌సైట్లూ మాత్రం ఎవరివి వాళ్ళ పేరు మీదే అకౌంట్ తీసుకోవాలి. మీ దాంట్లో కలపడం కుదరదు."

"మంచిదమ్మా."

స్నిగ్ధ అక్కడితో వదల్లేదు. "ఒకటి అడగనా మేడం? మూడూ నావే అని రాసుంటే మీకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. చాలామంది అలాగే రాస్తారు."

"ఎరుకే. నాకు గూడ జెప్పిన్రు."

"మరి?"

"అవి నావి కావు గదమ్మా" అంది సూర్యకళ, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఈ మనిషి మా నాచారం మనిషి, ఈ కొట్లో నాకొక స్టూలు ఉంది, అని దారినపోయే ప్రతివాడికీ చెప్పాలనిపించింది. సూర్యకళ మాత్రం అప్పటికే వేరే పనిలో పడింది. శాంతాబాయికి మొగుడి పేరు మీద కాగితాలున్నాయి, తన పేరుకు మార్పించడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. దుర్గమ్మకే ఏమీ లేవు. ఆవిడ కూర్చునే అరుగుకు కొట్టు ఓనరు చేత విడిగా అద్దె ఒప్పందం రాయించాలి. ఆయన కుదరదన్నాడు. నేను వెళ్ళాను. ఆయన మనవడు నా దగ్గర ట్యూషను చదువుకున్నవాడే. పావుగంటలో ఓనరు సంతకం పెట్టాడు. అక్కడ ఏం మాట్లాడానో రాయను, కానీ నా కోపం ఒక్కోసారి పనికొస్తుందని మావాళ్ళు గుర్తించాలి.

నెలరోజుల తర్వాత, దుర్గమ్మ పేరు మీద వ్యాపారం అకౌంట్ తెరవడానికి ఉప్పల్‌లో బ్యాంకుకు వెళ్ళాం. దుర్గమ్మ ఇస్త్రీ చేసిన చీర కట్టుకొచ్చింది. కౌంటరులో ఉన్న ఆయన ఫారం చూస్తూ, ముందు కూర్చున్న దుర్గమ్మను వదిలేసి వెనక నిలబడ్డ సూర్యకళను అడిగాడు.

"ఈ వ్యాపారం యజమాని ఎవరండీ?"

దుర్గమ్మ అలవాటు కొద్దీ సూర్యకళ వైపు తిరిగింది, ఆవిడే చెబుతుందని. సూర్యకళ చెప్పలేదు. గోడ మీద వడ్డీ రేట్ల బోర్డు ఉంటే దాన్నే చదవడం మొదలుపెట్టింది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆయన పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. వెనక లైన్లో ఎవరో విసుక్కున్నారు.

"నేనేనండీ" అంది దుర్గమ్మ, సగం గొంతుతో.

సూర్యకళ బోర్డు మీద నుంచి చూపు తిప్పకుండానే అంది.

"సార్‌కు ఇనబడలే పెద్దమ్మా. ఇంకోపారి జెప్పు."

దుర్గమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఈసారి బ్యాంకంతా విన్నది.

"యజమానిని నేనే."